సహజ కాంతిలో బుల్లి లోకం: అధివాస్తవిక మినియేచర్ ఫొటోల వరుసను ఎలా తీయాలి, తీశాక ఎలా చూసుకోవాలి

రెండు సెంటీమీటర్ల మనిషి బొమ్మను బల్ల మీద నిలబెట్టి, దాని వెనక ఒక దువ్వెనను ఐదంతస్తుల భవనంలా నిలిపి ఫొటో తీయడం ఎవరికైనా సాధ్యమే. ఆ ఫొటో చూసినవారు ఒక్క క్షణమైనా ఆ దువ్వెనను భవనంగా నమ్మేలా చేయడమే కష్టం. ఆ నమ్మకం బొమ్మ నాణ్యత వల్లనో, కెమెరా ఖరీదు వల్లనో రాదు. ప్రధానంగా వెలుగు వల్ల వస్తుంది. ఇలాంటి ప్రాజెక్టులో నేల, గోడలు, చెట్లు, మనుషులు అన్నీ చిన్నవి చేసుకోవలసినవే. చిన్నది చేయనక్కరలేనిది ఎండ ఒక్కటే. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది గనుక, బొమ్మలు కొనకముందే దాని కారణం తెలుసుకోండి.

ముందుగా ఎండను అర్థం చేసుకోండి

సూర్యుడు ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబంగా కనిపిస్తాడు. ఆ కాస్త వెడల్పు వల్లనే ఎండలో పడే ఏ నీడ అంచైనా గీత గీసినట్లు కాకుండా కొంచెం మసకగా ఉంటుంది. నీడ వేస్తున్న అంచుకూ నీడ పడిన చోటుకూ మధ్య ఉన్న దూరాన్ని సుమారు 110తో భాగిస్తే ఆ మసక వెడల్పు తెలుస్తుంది. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తున ఉన్న వేళ 170 సెంటీమీటర్ల మనిషి నిలబడితే, అతని తల నుంచి తల నీడ పడిన చోటికి దాదాపు 9.8 మీటర్లు ఉంటుంది. అక్కడ నీడ అంచు దాదాపు 9 సెంటీమీటర్ల మేర మసకబారుతుంది. అదే ఎండలో 1:87 స్కేలు బొమ్మను, అంటే నిజమైన మనిషి కంటే 87 రెట్లు చిన్నదాన్ని, నిలబెడితే ఆ దూరం 11 సెంటీమీటర్ల పైచిలుకు, మసక దాదాపు 1 మిల్లీమీటరు. ఆ ఒక్క మిల్లీమీటరును 87తో గుణించి చూడండి, మళ్లీ దాదాపు 9 సెంటీమీటర్లే వస్తుంది. బొమ్మ నీడ, మనిషి నీడ అచ్చంగా ఒకే పోలికలో పడతాయన్నమాట.

బల్ల దీపంతో ఇది సాధ్యం కాదు. దీపానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బొమ్మ మీద పడే వెలుగుతో పోలిస్తే, 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న బొమ్మ మీద పడేది దాదాపు నాలుగో వంతే. ఆ 30 సెంటీమీటర్ల తేడా బొమ్మల లోకంలో 26 మీటర్లతో సమానం. వీధిలో 26 మీటర్లు నడిచేసరికి ఎండ నాలుగో వంతుకు తగ్గిపోవడం మనలో ఎవరం చూడలేదు. పైగా దగ్గరి దీపం వేసే నీడలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండక, విసనకర్రలా విచ్చుకుంటాయి. చూసేవారికి ఈ లెక్కలేవీ తెలియకపోయినా, ఇది బల్ల మీద పెట్టిన బొమ్మల కొలువు అని వారి కన్ను వెంటనే పసిగడుతుంది. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు గనుక, మీ బల్ల ఈ కొసకూ ఆ కొసకూ అతనికి తేడా లేదు.

స్కేలును ఒకసారి నిర్ణయించి, దానికే కట్టుబడండి

మోడల్ రైళ్ల కోసం తయారయ్యే బొమ్మలు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. వాటిలో హెచ్‌ఓ స్కేలు 1:87. అందులో నిలబడిన మనిషి ఎత్తు రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఎన్ స్కేలు సాధారణంగా 1:160. అందులో మనిషి ఒక సెంటీమీటరు పైన ఉంటాడు. పెద్ద బొమ్మలు కావాలంటే మోడల్ కార్లలో ప్రసిద్ధమైన 1:24, బొమ్మరిళ్లకు వాడే 1:12 ఉన్నాయి. మొదటి వరుసకు 1:87 తీసుకోవాలని నా సలహా. ఇంట్లో దొరికే వస్తువులు ఈ స్కేలులో వింతగానూ, కథకు పనికొచ్చే పరిమాణంలోనూ మారతాయి; ఎన్ స్కేలు బొమ్మల ముఖాలేమో కెమెరాకు మరీ దగ్గరైతే రంగు పూసిన ప్లాస్టిక్ ముద్దలుగా బయటపడతాయి.

స్కేలు నిర్ణయించాక, ఫ్రేములోకి రాబోయే ప్రతి వస్తువు కొలతనూ ఆ సంఖ్యతో గుణించి కాగితం మీద రాసుకోండి. 18 సెంటీమీటర్ల దువ్వెన దాదాపు 16 మీటర్ల కట్టడం అవుతుంది. మూడు సెంటీమీటర్ల మందం ఉన్న పుస్తకం 2.6 మీటర్ల ప్రహరీ గోడ. అర మిల్లీమీటరు చక్కెర పలుకు నాలుగు సెంటీమీటర్ల కంకర రాయి. నేల మీద పడిన ఒక వెంట్రుక ఆరు మిల్లీమీటర్ల తాడు. ఈ పట్టిక రెండు రకాలుగా ఉపయోగపడుతుంది: ఏ వస్తువు ఏ పాత్ర పోషించగలదో చెబుతుంది, ఏ చిన్న చెత్త మీ బండారం బయటపెడుతుందో కూడా చెబుతుంది. దుమ్ము, నూలు పోగులు, వేలిముద్రలు, మైదానంలా కనిపించాల్సిన గుడ్డలోని నేత, ఇవన్నీ స్కేలుకు లొంగనివి. మెత్తని కుంచె, గాలి ఊదే రబ్బరు బల్బు, సన్నని పట్టకారు మీ చేతికందేలా ఉంచుకోండి. నేల కోసం మట్టి వాడితే అతి సన్నని జల్లెడలో పట్టిన మట్టినే వాడండి.

నీరు మరింత మొండిది. తలతన్యత వల్ల నీటి చుక్క ఎంత చిన్న లోకంలోనైనా తన పరిమాణాన్నే నిలుపుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల చుక్క బొమ్మ పక్కన 26 సెంటీమీటర్ల గాజు గోళంలా నిలుస్తుంది. వానను, నదిని వాస్తవంగా చూపాలనుకుంటే ఇది అడ్డంకి. ఆ గోళాన్నే వింతగా చూపదలచుకుంటే మాత్రం వరం. కాసేపట్లో ఆరిపోకుండా నీటిలో కొంచెం గ్లిజరిన్ కలపండి.

వింత ఒక్కటే ఉండాలి

అధివాస్తవిక చిత్రమంటే అన్నీ తలకిందులుగా ఉండటం కాదు. బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ 1952లో మంచం కంటే పెద్ద దువ్వెనను గదిలో చిత్రించినప్పుడు, మంచం మంచంలాగే, తివాచీ తివాచీలాగే ఉన్నాయి. అవి తమ మర్యాద పాటిస్తాయి గనుకనే దువ్వెన మనల్ని కలవరపెడుతుంది. మీ ఫ్రేములోనూ అసాధ్యమైనది ఒక్కటే ఉండాలి, సాధారణంగా అది పరిమాణం. వెలుగు, నీడ, భంగిమ, బరువు, నేలకు పాదం ఆనిన తీరు అన్నీ సాధ్యమైనవిగా ఉండాలి. ఒక వింత పక్కన మరో వింత పెడితే రెండూ అలంకారాలైపోతాయి.

కాబట్టి సెట్ కట్టేముందు ఒక్క వాక్యం రాయండి. అందులో ఎవరు, ఏం చేస్తున్నారు, ఎదుట ఏముంది అనే మూడూ ఉండాలి. "ఒక ఆవిడ సంచితో నడుస్తూ, దారికి అడ్డంగా పడి ఉన్న పెన్సిల్ ముందు ఆగింది" అన్నది చాలినంత వాక్యం. పెన్సిల్ ఆమెకు పదిహేను మీటర్ల దుంగ. ఆమె ఆశ్చర్యపోనక్కరలేదు, చేతులు పైకెత్తనక్కరలేదు. రోజూ వెళ్లే దారిలో ఏదో అడ్డం వచ్చినట్లు నిలబడితే చాలు. బొమ్మలను ఎంచుకునేటప్పుడు కూడా విపరీతమైన హావభావాలున్న వాటికంటే ఏదో పనిలో ఉన్నవాటిని తీసుకోండి. నడుస్తున్నవారు, వంగి చూస్తున్నవారు, నిచ్చెన పట్టుకున్నవారు, ఎదురుచూస్తూ కూర్చున్నవారు ఎన్ని కథల్లోకైనా ఒదుగుతారు. కెమెరా వైపు చూస్తున్న బొమ్మను పక్కన పెట్టేయండి.

చోటును, వేళను ముందుగా పరీక్షించండి

సెట్‌ను కట్టి ఎండ కోసం ఎదురుచూడటం కంటే, ఎండ పడే చోటును ముందు చూసుకుని అక్కడ సెట్ కట్టడం మేలు. ఎంచుకున్న చోట ఒక తెల్ల అట్ట పరచి, దాని మీద 10 సెంటీమీటర్ల పుల్లను నిటారుగా నిలబెట్టండి. నీడ కూడా 10 సెంటీమీటర్లు ఉంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. 17 సెంటీమీటర్లు ఉంటే 30 డిగ్రీలు. 57 సెంటీమీటర్లు ఉంటే 10 డిగ్రీలు. గంటకొకసారి నీడ కొన దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టి వేళ రాస్తే, ఆ అట్టే మీకు ఆ చోటి వెలుగు పటం అవుతుంది.

మిట్టమధ్యాహ్నపు ఎండ బొమ్మ నెత్తి మీద పడి ముఖాన్ని చీకటి చేస్తుంది, నీడను పాదాల కిందికి ముడిచేస్తుంది. పొద్దెక్కకముందూ, పొద్దు వాలుతున్నప్పుడూ ఉండే నీరెండలో నీడలు సాగి, బొమ్మ కంటే దాని నీడే పెద్ద పాత్ర అవుతుంది. 10 డిగ్రీల ఎత్తు నుంచి వచ్చే ఎండలో రెండు సెంటీమీటర్ల బొమ్మకు 11 సెంటీమీటర్ల నీడ పడుతుంది. ఒంటరి బొమ్మ ఉన్న చిత్రాలకు నాకు ఈ వెలుగు తప్ప మరొకటి తృప్తినివ్వదు. ఏటవాలు ఎండకు ఒక చెడ్డగుణం కూడా ఉంది, నేల మీది ప్రతి నలుసుకూ అది పొడవైన నీడ తగిలిస్తుంది. ఆ వేళ శుభ్రతకు రెట్టింపు సమయం కేటాయించండి.

మబ్బు పట్టిన రోజును వృథా అనుకోవద్దు. పొగమంచు, ఎడతెగని నిరీక్షణ, దిక్కుతోచని మైదానం వంటి చిత్రాలకు నీడలేని ఆ వెలుగే సరైనది. ఇంటి లోపల తీయదలిస్తే నేరుగా ఎండ రాని పెద్ద కిటికీని ఎంచుకోండి. బొమ్మ దృష్టిలో ఆ కిటికీ ఒక పక్క నుంచి తెరుచుకున్న మబ్బు ఆకాశం. అయితే కిటికీకి అర మీటరు దూరంలో పెట్టిన సెట్‌లో ఇవతలి అంచుకూ అవతలి అంచుకూ వెలుగు తేడా కొట్టొచ్చినట్లు ఉంటుంది. రెండు మీటర్లు వెనక్కి జరిపితే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. వెలుగు తగ్గినంత మేరా షట్టర్ సమయం పెంచుకోవచ్చు.

చెట్టు కింద తీసేటప్పుడు ఒక విశేషం గమనించండి. ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రని ఎండపొడలు నిజానికి సూర్యబింబపు ప్రతిరూపాలే. పాక్షిక సూర్యగ్రహణం రోజున అవి నెలవంకలుగా మారడానికి కారణం అదే. మూడు మీటర్ల ఎత్తున ఉన్న కొమ్మ నుంచి పడే ఎండపొడ సుమారు 2.7 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే బొమ్మ నిలువెత్తు కంటే పెద్దది. ఎండ మారలేదు గానీ, కొమ్మ బొమ్మల స్కేలులో లేదు గనుక ఈ వింత పుడుతోంది. నాటకరంగం మీద దీపపు వలయంలో నిలబడినట్లు బొమ్మను ఆ పొడలో నిలబెట్టవచ్చు. గాలికి కొమ్మ కదులుతుంది కాబట్టి వరుసగా అనేక ఫ్రేములు తీసి ఒకటి ఎంచుకోవాలి.

కెమెరాను బొమ్మ కంటి ఎత్తుకు దించండి

మనిషి కళ్లు నేల నుంచి దాదాపు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. 1:87లో అది 1.8 సెంటీమీటర్లు. లెన్స్ మధ్యభాగం ఆ ఎత్తుకు దిగితే చూసేవాడు బొమ్మల వీధిలో నిలబడతాడు. 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఆ లోకంలో 17 మీటర్ల పైనుంచి తొంగిచూసిన పరాయివాడిగానే మిగిలిపోతాడు. పెద్ద కెమెరాల లెన్స్ మధ్యభాగం కెమెరా అడుగు నుంచి అంతకంటే ఎత్తున ఉంటుంది గనుక, సెట్‌ను బల్ల అంచున ఉన్న పలక మీద కట్టి, కెమెరాను ట్రైపాడ్ మీద అంచుకు అవతల, పలక కంటే కొంచెం దిగువన నిలపండి. ఫోన్‌తో తీసేవారికి ఇంకా సులువు: ఫోన్‌ను తలకిందులుగా నిలబెడితే లెన్స్ నేలకు తాకేంత కిందికి వస్తుంది.

లెన్స్ ఎంపికలో చాలామంది చిన్న వస్తువులను పెద్దగా చూపే మాక్రో లెన్స్ వైపే మొగ్గుతారు. 100 మిల్లీమీటర్ల మాక్రో బొమ్మను స్పష్టంగా చూపుతుంది కానీ, ప్రయోగశాలలో నమూనాను పరిశీలిస్తున్నట్లు దూరం నుంచి చూపుతుంది. దగ్గరగా ఫోకస్ చేయగల వైడ్ లెన్స్ అయితే ముందున్నదాన్ని పెద్దదిగా, వెనకదాన్ని దూరంగా చూపి ఆ లోకానికి విస్తారాన్నిస్తుంది. వీధి దృశ్యాలకు, మైదానాలకు వైడ్ లెన్స్‌నే వాడండి. కెమెరా నీడ గానీ, మీ నీడ గానీ సెట్ మీద పడకుండా సూర్యుడు పక్క నుంచో ఎదుటి ఏటవాలు నుంచో వచ్చేలా అమర్చుకోండి. ఎదురెండలో తీసేటప్పుడు ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి, కంటికి శాశ్వత హాని జరుగుతుంది; వెనక తెర మీదే చూసుకోండి.

పదును ఎంత లోతు వరకు ఉండాలి

చిన్నదనాన్ని అన్నింటికంటే ముందు బయటపెట్టేది మసక నేపథ్యం. నిజమైన నగరాన్ని ఎత్తు నుంచి తీసిన ఫొటోలో పైభాగాన్నీ కిందిభాగాన్నీ మసకబారిస్తే అది బొమ్మల నగరంలా కనిపిస్తుందని తెలిసిందే. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మసక ఎందుకు వస్తుందో స్కేలుతోనే అర్థమవుతుంది: లెన్స్ రంధ్రం 10 మిల్లీమీటర్లు తెరుచుకుంటే, బొమ్మల లోకంలో అది 87 సెంటీమీటర్ల వెడల్పున్న కన్ను. అంత పెద్ద కంటికి ఒక దూరం మీదే చూపు నిలుస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్/16కు, అంటే రంధ్రం ఆ 50లో పదహారో వంతు అయ్యేలా, మూస్తే అది మూడు మిల్లీమీటర్ల వరకు తగ్గుతుంది. 24 మిల్లీమీటర్ల లెన్స్‌కైతే ఒకటిన్నరే. ఫోన్ లెన్స్ రంధ్రం సహజంగానే చిన్నది కాబట్టి, ఈ పనిలో ఫోన్ చాలా మంచి ఫలితమిస్తుంది. అందులో నేపథ్యాన్ని కృత్రిమంగా మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్‌ను మాత్రం ఆపివేయండి.

ఫుల్ ఫ్రేమ్ (36 మిల్లీమీటర్ల వెడల్పున్న) సెన్సర్ మీద 36 సెంటీమీటర్ల వెడల్పున్న దృశ్యాన్ని ఎఫ్/16తో తీస్తే సుమారు 10 సెంటీమీటర్ల లోతు పదునుగా వస్తుంది. దృశ్యం వెడల్పును ఏడు సెంటీమీటర్లకు కుదిస్తే ఆ లోతు ఆరు మిల్లీమీటర్లకు పడిపోతుంది. కనుక దృశ్యాన్ని విశాలంగా తీసి, అవసరమైతే తరవాత అంచులు కత్తిరించుకోండి. అపర్చర్‌ను, అంటే లెన్స్ రంధ్రాన్ని, ఎఫ్/22, ఎఫ్/32 వరకు మూయడం వల్ల వివర్తనం (సన్నని రంధ్రం దగ్గర వెలుగు వంగి చెదరడం) పెరిగి చిత్రమంతా మెత్తబడుతుంది. నా ఉద్దేశంలో ఎఫ్/16 దాటడం అనవసరం.

అది కూడా చాలనప్పుడు ఫోకస్ స్టాకింగ్ చేయండి: కెమెరా కదలకుండా, ఫోకస్‌ను ముందు నుంచి వెనకకు కొద్దికొద్దిగా జరుపుతూ పది ఇరవై ఫ్రేములు తీసి, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో కలపండి. సహజ కాంతిలో దీనికొక గడువు ఉంది. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. పొద్దు బాగా వాలి ఉన్నప్పుడు ఆ ఒక్క డిగ్రీ బొమ్మ నీడ కొనను ఒక సెంటీమీటరుకు పైగా కదిలించగలదు, కలిపిన చిత్రంలో నీడ అంచు రెండుగా కనిపిస్తుంది. మొత్తం వరుసను ఒక నిమిషంలో ముగించేలా ముందుగా సాధన చేయండి. గాలికి బొమ్మ వణికినా ఇదే నష్టం జరుగుతుంది గనుక, పాదాల కింద తీసివేయగల మైనం గానీ జిగురు ముద్ద గానీ చిటికెడు పెట్టి నొక్కండి, అది ఫ్రేములో కనిపించకుండా చూడండి.

ఎక్స్‌పోజర్, రంగు

కెమెరాను మాన్యువల్‌లో పెట్టుకోండి. నిర్మలమైన ఎండలో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16, సెకనులో నూరో వంతు దగ్గర మొదలుపెట్టి, తెల్లని భాగాలు పాలిపోకుండా సరిచూసుకుంటే సరిపోతుంది. దృశ్యం మరీ చిన్నదైనప్పుడు లెన్స్ ముందుకు జరిగినకొద్దీ వెలుగు కొంత తగ్గుతుంది. వెలుగు రంగును సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా ఎండ గుర్తు దగ్గర స్థిరంగా ఉంచండి. సాయంకాలపు పసుపు, నీడలోని నీలం అలాగే నిలుస్తాయి. సెన్సర్ నమోదు చేసిన సమాచారమంతా ఉండే రా ఫైల్‌గా భద్రపరచడం తప్పనిసరి.

ఎండను మలచడం

సూర్యుణ్ణి కదపలేము గానీ, బొమ్మల లోకంలో మన చేతిలోని చిన్న వస్తువులే కొండలంత పనిచేస్తాయి. అరచేయంత తెల్ల అట్టను ఫ్రేముకు బయట నీడ పక్కన నిలబెడితే బొమ్మ ముఖం మీద చీకటి కరిగిపోతుంది. అట్టను దగ్గరికి, దూరానికి జరుపుతూ ఆ వెలుగు సహజంగా అనిపించే చోట ఆపండి. నల్ల అట్ట దీనికి విరుద్ధంగా, అనవసరపు వెలుగును మింగి నీడను గాఢం చేస్తుంది. వస్తువు అంచులు తీవ్రంగా మెరుస్తుంటే సన్నని తెల్ల గుడ్డను సెట్ పైన కట్టండి.

చిన్న చదునైన అద్దానికి ప్రత్యేక స్థానం ఉంది. అది ఎండను ఎండగానే తిప్పి పంపుతుంది, అంటే ఆ వెలుగు కూడా సమాంతరంగా, అర డిగ్రీ బింబంతోనే వస్తుంది. దానితో రెండో దిక్కు నుంచి బొమ్మను వెలిగిస్తే నేల మీద రెండు స్పష్టమైన నీడలు పడతాయి, ఇద్దరు సూర్యులున్న ఆకాశం కింద నిలబడినట్లు. ఈ ఉపాయాన్ని వాడదలిస్తే ఆ చిత్రంలో వింత అదొక్కటే కావాలి. పరిమాణపు వింతను అప్పుడు తగ్గించుకోండి. నీళ్లు నింపిన గాజు గ్లాసు గుండా వచ్చే ఎండ నేల మీద అలల వంటి వెలుగు గీతలు వేస్తుంది, వాటిని నదిగా, మంటగా, తెలియని మాయగా వాడుకోవచ్చు. గుండ్రని గాజు, నీటి సీసా, భూతద్దం, పుటాకార దర్పణం ఎండను ఒకచోటికి చేర్చి కాగితాన్ని, ప్లాస్టిక్‌ను కాల్చగలవు కాబట్టి పని కాగానే వాటిని ఎండలోంచి తీసేయండి, వాటిని వదిలి పక్కకు వెళ్లకండి.

దూరాన్ని చూపడంలో ఒక లోటును మీరే పూడ్చుకోవాలి. నిజమైన దూరపు కొండలు గాలిలోని మసక వల్ల పాలిపోయి నీలంగా కనిపిస్తాయి. బల్ల మీది 30 సెంటీమీటర్ల గాలిలో ఆ మసక ఉండదు. వెనక నిలిపే వస్తువులను క్రమంగా లేత రంగువిగా ఎంచుకోండి, నలిపిన కాగితంతో కొండలు చేస్తే వెనక వరుసకు నీలం కలిసిన లేత బూడిదరంగు కాగితం వాడండి.

నిజమైన నేపథ్యాన్ని కలపాలంటే

అమెరికాకు చెందిన మైకేల్ పాల్ స్మిత్ 1:24 స్కేలు కార్లను, ఇళ్లను బయట బల్ల మీద పేర్చి, వెనక దూరంగా ఉన్న నిజమైన చెట్లు, ఇళ్లు వాటితో కలిసిపోయేలా ఎల్గిన్ పార్క్ అనే ఊహా పట్టణాన్ని ఫొటోల్లో నిలబెట్టారు. ఆయన వాడినది సాధారణ డిజిటల్ కెమెరాయే. ముందున్న నమూనా మీదా, వెనకున్న నిజమైన ఇంటి మీదా ఒకే ఎండ, ఒకే దిక్కు నుంచి పడుతోంది; ఆ అతుకు కనిపించకపోవడానికి ఇది పెద్ద కారణం.

మీరు చేయవలసిన లెక్క సులువైనదే. నమూనా కెమెరాకు ఎంత దూరంలో ఉందో దాన్ని స్కేలు సంఖ్యతో గుణించండి. ఆ దూరంలో ఉన్న నిజమైన వస్తువు నమూనా పక్కనే ఉన్నట్లు సరైన పరిమాణంలో కనిపిస్తుంది. 1:24 కారు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నిజమైన ఇల్లు 14 మీటర్ల దగ్గర ఉండాలి. 1:87 బొమ్మ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెట్టు 26 మీటర్ల దగ్గర ఉండాలి. అంతకంటే దూరమైతే కాస్త వెనక ఉన్నట్లు అనిపిస్తుంది, ఇబ్బంది లేదు. దగ్గరైతే మాత్రం రాక్షస వృక్షమవుతుంది, అది మీ ఉద్దేశమైతే తప్ప తప్పించండి. పలక వెనక అంచును చిన్న కంచెతోనో, గడ్డితోనో, రాళ్లతోనో కప్పి, కెమెరాను పైన చెప్పిన కంటి ఎత్తులోనే ఉంచితే క్షితిజరేఖ తనంతట తానే కుదురుతుంది.

2006 నుంచి లండన్ వీధుల్లో చిన్న బొమ్మలను నిలిపి ఫొటోలు తీస్తున్న స్లింకాచు, దగ్గరి చిత్రంతో పాటు దూరం నుంచి ఆ వీధి మొత్తాన్నీ చూపే చిత్రాన్ని కూడా జతగా ఉంచుతారు. రెండో చిత్రంలో బొమ్మ దాదాపు కనిపించదు, మొదటి చిత్రంలోని ఒంటరితనం అక్కడ రెట్టింపవుతుంది. బయట తీసే ప్రతిసారీ ఆ దూరపు ఫ్రేము కూడా తీసుకోండి, తరవాత అవసరమవుతుందో లేదో అప్పుడు నిర్ణయించవచ్చు. పని ముగిశాక బొమ్మలను, మైనాన్ని వెంట తెచ్చుకోండి, చిన్న ప్లాస్టిక్ ముక్కలు పక్షులకు ప్రమాదం.

తీసినవాటిని తిరిగి చూడటం

ఫొటోలు తీసిన రోజే ఎంపిక చేయవద్దు. సెట్ కట్టిన శ్రమ కళ్ల ముందు ఉండగా ఏ ఫొటో శ్రమను చూపుతోందో, ఏది కథను చూపుతోందో వేరు చేయడం కష్టం. కొంత కాలం గడిచాక అన్నింటినీ చిన్న ప్రింట్లుగా తీసి నేల మీద పరచి, నిలబడి చూడండి. చిన్న ప్రింటులో వివరాలు పోయి వెలుగు, నీడల ఆకారం మాత్రమే మిగులుతుంది. ఆ దశలోనే నిలబడలేని ఫొటో పెద్దది చేసినా నిలబడదు. తరవాత మిగిలినవాటిని పెద్ద తెర మీద అంచుల దాకా చూసి, దుమ్ము, జిగురు, మోల్డు అతుకులు, తప్పు దిక్కున పడిన నీడ వెతకండి.

ఆపై ఒక కఠినమైన ప్రశ్న వేసుకోండి: బొమ్మ చిన్నదన్న తెలివి పక్కన పెడితే ఈ చిత్రంలో ఇంకేమైనా ఉందా? దువ్వెన భవనమైందని గుర్తించగానే ముగిసిపోయే ఫొటోలు చూసినవారిని నవ్విస్తాయి, రెండోసారి పిలవవు. సంచితో ఆగిన ఆ ఆవిడ ఎంతసేపు నిలబడాలో, పక్క నుంచి దారి ఉందో లేదో అని ఆలోచింపజేసే ఫొటో అయితే పెన్సిల్ పెన్సిలని తెలిశాక కూడా పనిచేస్తూనే ఉంటుంది. జపాన్‌కు చెందిన తత్సుయా తనక 2011 నుంచి ప్రతిరోజూ ఒక మినియేచర్ చిత్రాన్ని వెలువరిస్తున్నారు. నిత్యం వాడే వస్తువుల్లో మరో లోకాన్ని చూడగల ఆ చూపు అన్నేళ్ల క్రమశిక్షణతో పదునెక్కింది. మీ వరుస అంత పెద్దది కానక్కరలేదు. పది పన్నెండు చిత్రాలైనా, అవి ఒకే ఊరిలో జరిగినట్లు అనిపించడం ముఖ్యం. స్కేలు, కంటి ఎత్తు, వెలుగు స్వభావం ఈ మూడూ వరుసంతా నిలకడగా ఉంటే ఆ భావన కలుగుతుంది. వస్తువులు, కథలు ఎంతగా మారినా ఫర్వాలేదు.

చూపించేటప్పుడు ఏమీ వివరించకుండా ఒకరి ముందు పెట్టి, వారి కన్ను మొదట ఎక్కడికి వెళుతుందో గమనించండి. వస్తువు మీదికి వెళితే బొమ్మ బలహీనంగా ఉందని అర్థం. బొమ్మ నీడ మీదికి వెళితే మీరు సరైన వేళ ఎంచుకున్నారు.

ప్రతి ఫొటోకూ తేదీ, వేళ, 10 సెంటీమీటర్ల పుల్ల నీడ పొడవు, ఆకాశం స్థితి, కెమెరా ఎత్తు, దూరం ఒక పుస్తకంలో రాయడం అలవాటు చేసుకోండి. వరుసలో ఒక్క చిత్రాన్ని మళ్లీ తీయవలసి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. భూమి అక్షం వాలు వల్ల అదే చోట, అదే వేళకు సూర్యుడి ఎత్తు ఏడాది పొడవునా మారుతుంటుంది. జూన్ 21 మధ్యాహ్నానికీ డిసెంబరు 21 మధ్యాహ్నానికీ ఆ తేడా ఉష్ణమండలానికి బయటి చాలా ప్రాంతాల్లో దాదాపు 47 డిగ్రీలు. అయితే జూన్ 21కి ఇటు ఎన్ని రోజులో అటు అన్ని రోజుల దూరంలో ఉన్న తేదీన సూర్యుడు దాదాపు అదే దారిలో వస్తాడు. ఏప్రిల్ 21న తీసిన చిత్రాన్ని ఆగస్టు 21న అదే నీడతో మళ్లీ తీయవచ్చు. గడియారంలో కొద్ది నిమిషాల తేడా ఉంటుంది గనుక సెట్‌ను కాస్త ముందుగానే సిద్ధం చేసి, పుల్ల నీడ పుస్తకంలో రాసుకున్న పొడవుకు చేరగానే తీయడం మొదలుపెట్టండి.